అరువు గుర్రప్పిల్ల

మా ఊరికి యుద్ధం సరిగ్గా రై ధాన్యం కోతల మధ్యలో వచ్చింది. జర్మన్ చక్రవర్తి రైతు కొడుకు కాదని చెప్పడానికి అదొక్కటే చాలు. అయ్యుంటే మంచు పడేదాకా ఆగేవాడు.

మా ఆయన తెరెంతీ ముందు కోసుకుంటూ పోతున్నాడు, నేను వెనక పనలు కడుతున్నాను. ఊరి పెద్ద నికీఫోర్ గట్టు మీదికొచ్చి టోపీ తీశాడు. మండే ఎండలో ఊరికే టోపీ తీసే మనిషి కాదు. చేతిలో ఎర్ర కాయితం ఉంది.

"సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళంతా రేపు పొద్దుటికి పట్నంలో ఉండాలి. తెరెంతీ, నువ్వు. పక్క చేలో క్లీమూ, నువ్వు కూడా."

ఆ క్లీమ్ మా పొరుగువాడే. ఇల్లూ పక్కనే, చేనూ పక్కనే. రెండేళ్ళ కిందట దున్నుతూ దున్నుతూ మా గట్టులో ఒక చాలు తినేశాడు. అప్పట్నుంచి మా ఇంటికీ వాళ్ళింటికీ మాటల్లేవు. ఒకరింట్లో తుమ్మితే రెండో ఇంట్లో వాళ్ళు చల్లగా ఉండమని కూడా అనేవాళ్ళు కాదు. అలాంటిది మర్నాడు ఇద్దరూ ఒకే బండెక్కాల్సొచ్చింది, మా వీధిలో అంత దూరం చులాగ్గా లాగగలిగింది మా ఆడగుర్రం గాల్కా ఒక్కతే కాబట్టి. వీపూ వీపూ ఆనించుకుని, ఒకడు తూర్పుకీ ఒకడు పడమరకీ చూస్తూ కూర్చున్నారు. ఆ ఇద్దరిలో ఒక్కడే తిరిగొచ్చాడు. అదీ నాలుగేళ్ళకి.

బయల్దేరేముందు తెరెంతీ నా దగ్గరికి రాకుండా గాల్కా దగ్గరికి పోయి దాని చెవులు నిమురుతూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది.

"నన్ను చూసుకోమని దానికి అప్పజెబుతున్నావా, దాన్ని చూసుకోమని నాకు అప్పజెబుతావా?"

"రెండూనూ," అన్నాడు. నవ్వలేదు. "ఉస్త్యా, నాన్న కాలు సంగతి నీకు తెలుసు. మగాడు లేకపోయినా ఇల్లు ఎలాగో నడుస్తుంది. గుర్రం లేకపోతే నడవదు. ఏం చేసైనా సరే, గాల్కాని మాత్రం పోనివ్వకు."

ఇరవై నాలుగేళ్ళ దాన్ని. రెండేళ్ళ పాప, కుంటి మామగారు, సగం కోసిన చేను. పోనివ్వనని మాటిచ్చాను.

మూడు రోజులు తిరక్కుండానే గుర్రాలకి పిలుపొచ్చింది.

మనుషుల్ని పట్టుకెళ్ళాక గుర్రాల్ని వదుల్తారని ఎలా అనుకున్నామో. బుధవారం పొద్దున్నే ఊళ్ళో ఉన్న ప్రతి గుర్రాన్నీ తాలూకా కచేరీ ముందు మైదానానికి తోలుకురావాలి. పశువుల డాక్టరు చూస్తాడు, కొలకర్రతో ఎత్తు కొలుస్తారు. పనికొచ్చేదైతే మెళ్ళో చెక్క బిళ్ళ కట్టి రైలెక్కిస్తారు. గుడ్డిదీ కుంటిదీ పొట్టిదీ ఇంటికి. పాలు తాగే పిల్ల ఉన్న తల్లి గుర్రం కూడా ఇంటికే.

మా గాల్కా ఈ వసంతంలోనే ఈనింది. పదిరోజుల కిందట పిల్లకి కడుపు ఉబ్బి, తెల్లారేసరికి చచ్చిపోయింది.

మావయ్య సవేలీ బల్ల మీద కాలు చాపుకుని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "దానికి పాలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. బరువుకి తట్టుకోలేదని రోజూ కాస్త పిండి పారబోస్తున్నాను."

"పారబొయ్యకు," అన్నాడు. తర్వాత పక్కింటి గోడవైపు చూశాడు. ఆయన నోటితో చెప్పలేదు, నేనూ అడగలేదు. క్లీమ్ వాళ్ళ గుర్రం రిజ్కాకి నుదుట తెల్లచుక్క ఉన్న పిల్ల ఉంది.

క్లీమ్ పెళ్ళాం అగ్రఫేనా గుమ్మంలో క్యాబేజీ తరుగుతోంది. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. మా ఊళ్ళో ఆవిడ నోటికి పూజారి కూడా జడుస్తాడు.

"ఏమ్మా ఉస్త్యా, దారి తప్పావా? మీ గట్టు అటుపక్క కదా."

"నీ గుర్రప్పిల్లని అరువడగడానికొచ్చాను వదినా. మూడే మూడు రోజులు."

కత్తి ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఉప్పు అరువడిగేవాళ్ళని చూశాను. జల్లెడ అడిగేవాళ్ళని చూశాను. ఒకత్తె చెప్పులడిగింది. పిల్లనడిగిన దాన్ని నిన్నే చూస్తున్నాను."

విషయం చెప్పాను. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు.

"మరి నా రిజ్కానో?"

"రిజ్కాకి భయమేంటి వదినా! ఆరేళ్ళ కిందట గుర్రాల లెక్కలకొచ్చినప్పుడు కొలకర్ర పెట్టి, ఇది మేకా గుర్రమా అని నవ్వి పంపేశారు కదా. పిల్లున్నా లేకున్నా దాన్నెవరూ ముట్టుకోరు."

ఆ మాట నాదే. ఎవరో అంటే తలూపలేదు, నా నోటితో నేనే అన్నాను.

ఆవిడకి రోషం వచ్చింది, కానీ కాదనలేకపోయింది. నిజంగానే పొట్టిది. కాసేపటికి, "నా చేలో మూడు రోజులు కోత కోస్తావా? పనలు నీ గాల్కా చేరవేస్తుందా?" అంది.

"చేస్తాం."

"మరి గట్టు మీద చాలు?"

"అది మగాళ్ళొచ్చాక వాళ్ళే తేల్చుకుంటార్లే వదినా."

"వస్తే," అని మళ్ళీ క్యాబేజీ తరగడం మొదలెట్టింది.

పరాయి పిల్లని తల్లికి అలవాటు చెయ్యాలంటే మాకో పద్ధతుంది. తల్లి ముక్కుకీ పిల్ల వీపుకీ వోద్కా పూస్తారు. రెండూ ఒకటే వాసనొస్తే తల్లి బోల్తా పడుతుంది. కానీ మగాళ్ళని పిలిచిన రోజునే సర్కారు వోద్కా దుకాణానికి తాళమేసి లక్క ముద్ర కొట్టారు. జిల్లా మొత్తంలో చుక్క దొరకలేదు. మావయ్య బండి ఇరుసుకి రాసే తారు డబ్బా తెచ్చాడు.

"ఇది వోద్కా కన్నా ఘాటు. దీని ముందు ఏ తల్లికీ తన పిల్లెవరో తెలీదు."

గాల్కా ముక్కుకి తారు, పిల్ల మెడకీ తోకకీ తారు. దాని మీద గాల్కా పాలు పిండి పిల్ల వీపంతా రుద్దాను. మొదటి రోజు గాల్కా చెవులు వెనక్కి వాల్చి నా మోకాలి మీదే ఒకటి తన్నింది. పిల్ల గోడవతల ఉన్న తల్లికోసం ఒకటే అరుపు, అవతలినుంచి రిజ్కా జవాబు. రెండో రోజు మధ్యాహ్నం పిల్లకి ఆకలి ముదిరి, సిగ్గూ శరం వదిలేసి పొదుగులోకి దూరింది. గాల్కా వణికింది, తన్నబోయింది, ఆగింది. తర్వాత తల తిప్పి దాని తోక వాసన చూసి, గుర్రాలు పిల్లలతో మాట్లాడే ఆ చిన్న గొంతుతో ఏదో అంది. నేను గడ్డిలో కూలబడి సంతోషంతో ఏడ్చేశాను. ఎంత మోసకారి సంతోషమైనా అది సంతోషమే.

బుధవారం మైదానంలో మూడు నాలుగు వందల గుర్రాలున్నాయి. పగ్గాలు పట్టుకున్నవాళ్ళంతా ముసలాళ్ళూ ఆడవాళ్ళూనూ. బల్ల వెనక ఒక ఆఫీసరు, అతని పక్కన కళ్ళద్దాల డాక్టరు, కొలకర్ర పట్టుకున్న సిపాయి. ఊరు పేరు పిలిచినప్పుడు ఆ ఊరి పెద్ద ముందుకొచ్చి నిలబడాలి. అంటే మా వంతుకి నికీఫోర్. మా గాల్కా పిల్లని పూడ్చడానికి గొయ్యి తవ్విన ముగ్గురిలో నికీఫోర్ ఒకడు.

గాల్కాని నిలబెట్టగానే సిపాయి కర్ర ఆనించి, "దివ్యంగా ఉంది," అన్నాడు.

డాక్టరు వంగి పొదుగు పట్టుకు చూశాడు, పాలొచ్చాయి. పిల్ల దగ్గరికొచ్చి వేలితో మెడ రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "తారెందుకు పూశారు దీనికి?"

"ఈగలు దొరగారూ. ఈ ఏడు మరీ ఎక్కువ."

"తల్లి ముక్కుకి కూడానా ఈగలు?"

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, నికీఫోర్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈ పిల్ల దీనిదేనా?"

నికీఫోర్ దేవుడి మీద ఒట్టేసి ఆ పదవి తీసుకున్నవాడు. టోపీని రెండు చేతుల్తో పిండుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఎవరూ చెప్పకుండా గాల్కా కిందికి దూరి చప్పరించడం మొదలెట్టింది.

"తాగుతోంది కదా దొరగారూ," అన్నాడు నికీఫోర్.

డాక్టరు చెయ్యి ఊపాడు. ఇంటికి. నేను గాల్కాని పక్కకి తోలి, పిల్ల మెడ పట్టుకుని నిలబడ్డాను. వెనకే అగ్రఫేనా వంతు.

రిజ్కాకి కర్ర ఆనించారు. సిపాయి ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కాయితం చూసి, "సరే, సామాను బళ్ళకి పనికొస్తుంది," అన్నాడు.

"ఎత్తు అందదు దొరగారూ!" అంది అగ్రఫేనా. "ఆరేళ్ళ కిందట ఇక్కడే కొలిచి పొమ్మన్నారు. అడగండి వీళ్ళని!"

"అప్పుడు యుద్ధం లేదమ్మా. ఈసారి పొట్టివి కూడా కావాలి."

డాక్టరు అలవాటు కొద్దీ పొదుగు ముట్టుకున్నాడు. మూడు రోజులుగా తాగేవాళ్ళు లేక బిగిసిపోయి ఉంది. ముట్టుకోగానే ధారగా కారింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"దీనికీ పాలున్నాయే. పిల్లేదీ?"

అగ్రఫేనా నా వైపు చూసింది. కోపంగా కాదు. సంతలో మన వంతొచ్చినప్పుడు పక్కవాళ్ళు ఊరికే గుర్తు చేస్తూ చూస్తారే, అలా.

అప్పుడే రిజ్కా అరిచింది. నా చేతికింద పిల్ల ఒక్కసారి తలెత్తి, ఆ అరుపు వైపు లాగింది. తారు వాసన దానికి తల్లి గొంతు మరిపించలేదు. నేను చెయ్యి వదిలితే చాలు. నోరు విప్పక్కర్లేదు, ఒట్టెయ్యక్కర్లేదు, అదే పరుగెత్తేది.

నేను వదల్లేదు. రెండు చేతులూ దాని మెడ చుట్టూ వేసి, మొహం దాని జూలులో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

"చచ్చిపోయింది," అంది అగ్రఫేనా.

రిజ్కా మెళ్ళో బిళ్ళ కట్టారు. గుర్రం తీసుకున్నట్టు ఆవిడ చేతిలో ఒక చీటీ పెట్టారు. గుర్రాల్ని తాళ్ళకి కట్టి స్టేషన్ దారి పట్టించేదాకా పిల్ల అరుస్తూనే ఉంది, నేను పట్టుకునే ఉన్నాను.

ఇంటికొచ్చాక మావయ్య ఏమైందని అడిగాడు, చెప్పాను. ఆయన కాలు రుద్దుకున్నాడు. "ఇంటికోసం చేశావు," అన్నాడు.

"ఇంటికోసం అనేస్తే అన్నీ కడుక్కుపోతాయా మావయ్యా?" అన్నాను. మామగారికి అలా ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

మాట ప్రకారం మూడు రోజులు అగ్రఫేనా చేలో కోతకెళ్ళాను. రావొద్దనలేదు. రమ్మనీ అనలేదు. ఆవిడ ఆ చివర్నుంచి కోసేది, నేను ఈ చివర్నుంచి. మధ్యలో కలిసే చోట ఆవిడ కొడవలి భుజానేసుకుని నీళ్ళకి పోయేది. పనలన్నీ గాల్కా చేరవేసింది, పిల్ల దాని పక్కనే గెంతుతూ వచ్చేది. దాన్ని తిరిగి ఇవ్వడానికి లేదు. వాళ్ళ దొడ్లో దానికి పాలెవరిస్తారు? నాలుగో రోజు నేను ధైర్యం చేసి, "దుక్కికి కూడా గాల్కాని తెస్తాను వదినా," అన్నాను.

"మాట మూడు రోజులకే," అంది.

మేము దున్నుకున్నాం, విత్తుకున్నాం. గట్టుకి అవతల క్లీమ్ చేను కోసిన మోళ్ళతో అలాగే పడి ఉంది. రోజూ దాని పక్కనుంచే నడిచేదాన్ని. చూడకుండా తప్పించుకోవడానికి వేరే దారి లేదు.

ఆగస్టులో ఫ్రోల్, లావ్ర్ అనే ఇద్దరు సాధువుల పండగొస్తుంది. గుర్రాల్ని కాచేది వాళ్ళే. ఆ రోజు గుర్రాన్ని బండికి కట్టరు, నాగలికి కట్టరు. జూలు దువ్వి రిబ్బన్లు అల్లి గుడి ముందుకి తోలుకొస్తే పూజారి తీర్థం చల్లుతాడు. ఏటా గుడి చుట్టూ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ ఏడు పదకొండు గుర్రాలొచ్చాయి. నాలుగు గుడ్డివి. మెరిసే వీపుతో నిలబడింది మా గాల్కా ఒక్కతే. జనం దానివైపు చూసి, వెంటనే చూపు తిప్పుకునేవాళ్ళు.

అగ్రఫేనా కూడా వచ్చింది. చేతిలో రిజ్కా కళ్ళెం ఉంది, ఉత్త కళ్ళెం. వరసలో నిలబడి దాన్ని చాచింది. పూజారి ఒక్క క్షణం తటపటాయించి, దాని మీదే తీర్థం చల్లాడు.

జనం చెదురుతుంటే నికీఫోర్ వచ్చాడు. "ఉత్తరం," అన్నాడు. కవరు మీద దస్తూరీ చూశాను. తెరెంతీ రాత. చెయ్యి చాచాను. నికీఫోర్ నన్ను దాటి అగ్రఫేనా చేతిలో పెట్టాడు. "నీకేనమ్మా. క్లీమ్ రాయించాడు."

అగ్రఫేనాకి చదువు రాదు. పూజారి లోపలికెళ్ళిపోయాడు. నేను బడికి రెండు శీతాకాలాలు వెళ్ళినదాన్ని. ఆవిడ కవరు నా ముందు పెట్టి, గుడి మెట్టు మీద కూర్చుంది.

మా వాళ్ళ ఉత్తరాలన్నీ దండాలతో మొదలవుతాయి. పేరుపేరునా రాయాలి, ఒక్కటి మర్చిపోతే పదేళ్ళు గుర్తుంచుకుంటారు. చదివాను. నా భార్య అగ్రఫేనాకి దండం. మేనత్తకి దండం. తర్వాత, "పొరుగింటి సవేలీ పెద్దయ్యకి నేలకి తలవంచి దండం, ఉస్త్యాకి, వాళ్ళ పాపకి దండం."

ఆవిడ తలెత్తింది. రెండేళ్ళుగా ఆ ఇంటినుంచి మాకు దండమన్నది లేదు.

"'నడుస్తున్నాం. దారంతా ఇసక. రొట్టెల బళ్ళు వెనకబడిపోయాయి. తెరెంతీ, నేనూ ఒకే కోటు కప్పుకుని పడుకుంటున్నాం. ఊళ్ళలో గుర్రాలు పట్టుకుపోయారని ఇక్కడ అందరూ చెప్పుకుంటున్నారు. మన రిజ్కా పిల్లతల్లి కాబట్టి దాన్ని ముట్టుకోరు. ఆ ధైర్యంతోనే నాకు నిద్ర పడుతోంది. తెరెంతీకే నిద్ర లేదు. వాళ్ళ గాల్కాకి పిల్ల పోయింది కదా...'"

ఆగిపోయాను.

"చదువు," అంది.

"'...పిల్ల పోయింది కదా, దాన్ని తప్పకుండా తీసుకెళ్ళి ఉంటారు. ముసలాయన కాలు బాగోదు. అందుకని నా మాట విను. రిజ్కాతో ముందు వాళ్ళ చేను దున్నించు, తర్వాత మనది. గట్టు మీద చాలు నేనే తిన్నాను, వచ్చాక ఇచ్చేస్తాను. ఇదంతా తెరెంతీ చేతే రాయిస్తున్నా. రాయనని మొండికేస్తుంటే తిట్టి మరీ రాయిస్తున్నా.'"

అడుగున చీమల్లాంటి అక్షరాలతో ఇంకో వరస ఉంది. అది నాకు. అయినా పైకే చదివాను, ఆ పూట ఏదీ దాచే శక్తి లేదు నాకు. "'ఉస్త్యా, సిగ్గుపడకు. వెళ్ళి అడుగు. వాళ్ళు లేదనరు.'"

అగ్రఫేనా కళ్ళెం ఒళ్ళో పెట్టుకుని దాని ఇనుప ముక్క తిప్పుతూ కూర్చుంది. గుర్రాలన్నీ వెళ్ళిపోయాయి. గాల్కా, పిల్లా మాత్రం కంచె దగ్గరున్నాయి.

"ఆ రోజు నువ్వే చెబుతావనుకున్నాను," అంది. "నేను చెబితే మీ ముసలాణ్ణి, నికీఫోర్ని కోర్టుకి ఈడుస్తారు. నువ్వే ఒప్పుకుంటే ఏదో ఆడది, మొగుడు లేనిది అని వదిలేసేవాళ్ళేమో. నీకోసం చూశాను. చాలాసేపే చూశాను ఉస్త్యా."

"తెలుసు వదినా."

"మొహం దాచుకున్నావు."

"అవును."

ఇంకేం చెప్పను? లేచి, గాల్కా కళ్ళెం విప్పి, ఆవిడ ఒళ్ళోంచి రిజ్కా కళ్ళెం తీసుకుని దానికి తొడిగాను. కాస్త బిగుతైంది, పట్టీ ఒక చిల్లు వదులు చేశాను. ముగ్గురం బయల్దేరాం, నాలుగోది గెంతుతూ వెనక వచ్చింది.

మా గుమ్మం దాటి ముందుకి పోతుంటే మావయ్య కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. "ఎక్కడికే?"

"వాళ్ళ దొడ్లోకి."

"నీకు మతి పోయిందా? నా కొడుకొచ్చి అడిగితే ఏం చెప్పను?"

"మీ అబ్బాయి చేతిరాతే మావయ్యా ఇది," అని ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదవడం ఆయనకీ రాదు. అయినా పట్టుకుని చాలాసేపు చూశాడు.

గాల్కాని రిజ్కా రాటకి కట్టాను. పిల్ల ఆ కొట్టంలో మూలమూలా వాసన చూసింది. తర్వాత పడుకుంది.

అగ్రఫేనా బల్ల తుడిచి కాయితం పెట్టింది. జవాబు ఆవిడ చెప్పింది, నేను రాశాను. దండాలన్నీ అయ్యాయి. తెరెంతీకి కూడా ఒకటి రాయించింది. గుర్రం సంగతి దగ్గరకొచ్చేసరికి నేను కలం ఎత్తి ఆగాను.

"ఉన్నదే రాయి," అంది. "దొడ్లో గుర్రం ఉంది. పిల్ల పాలు తాగుతోంది. రేపట్నుంచి మన చేను దున్నుతాం."

రాశాను.

"నువ్వు చెప్పినట్టే ముందు వాళ్ళ చేను దున్నడం అయిపోయిందని కూడా రాయి."

నేను తలెత్తలేకపోయాను.

"రాయవే. అబద్ధమేం కాదు కదా."

కాదు. ఆ ఉత్తరంలో ఒక్క ముక్క అబద్ధం లేదు. మేమది రాసే పూటకే జర్మన్ల ప్రష్యా అడవుల్లో వాళ్ళిద్దరూ ఉన్న సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. తెరెంతీ జర్మన్ల చేతికి చిక్కాడు, క్లీమ్ ఆ అడవుల్లోనే ఉండిపోయాడు. కానీ అదంతా మాకు ఎన్నో నెలలకి గానీ తెలీలేదు. అక్టోబరులో, మొదటి మంచు పడ్డ రోజున, ఆ ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. కవరు మీద చిరునామా కొట్టేస్తూ నీలం పెన్సిల్ గీత. విప్పి మళ్ళీ చదవనా అని అడిగాను.

అగ్రఫేనా ఒప్పుకోలేదు. దాన్ని దేవుడి పటం వెనక దోపింది.

"అది మనకి రాసింది కాదు కదే," అంది. "ఆయనొచ్చి చదువుకుంటాడు."